డైవింగ్ రాకపోయినా గ్రేట్ లేక్స్‌లో మునిగిన పాత చెక్క ఓడల్ని చూడటం ఎలా

ఏటా మే నెల వచ్చిందంటే ఇదే ప్రశ్న. "అన్నా, అమ్మానాన్న వస్తున్నారు, మిషిగన్‌లో నీళ్ళ కింద పాత ఓడలు కనిపిస్తాయంట కదా, మాకు ఈత కూడా సరిగ్గా రాదు, ఎలా చూడాలి?" అని. ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ విసుగొచ్చింది, అందుకే ఒకేసారి రాసేస్తున్నా, ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపిస్తా.

ముందే చెప్పేస్తా. డైవింగ్ అక్కర్లేదు, ఈత కూడా అక్కర్లేదు. కానీ అందరూ ఎండ చూసి ప్లాన్ వేస్తారు, ఇక్కడ చూడాల్సింది గాలి. ఎండ పెళపెళా కాస్తూ గాలి కొట్టే రోజు కంటే, మబ్బు పట్టి ఆకు కూడా కదలని రోజు ఎంతో నయం. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా డ్రైవింగే.

ఇన్నేళ్ళు ఆ చెక్క ఎలా ఉందని అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. ఉప్పునీళ్ళలో కొయ్యని తొలిచి తినేసే పురుగు ఉంటుంది, మన కోస్తాలో చెక్క పడవలున్నవాళ్ళకి దాని సంగతి బాగా తెలుసు. గ్రేట్ లేక్స్ అంటే అమెరికా, కెనడా సరిహద్దు దగ్గరున్న ఐదు పెద్ద సరస్సులు, సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్, ఈరీ, ఒంటారియో. వాటివి మంచినీళ్ళు, అక్కడ ఆ పురుగు బతకదు, పైగా నీళ్ళు చల్లన. అందుకే 1800ల్లో మునిగిన ఓడలు పలకలు, మేకులతో సహా ఇంకా అలాగే ఉన్నాయి. థియరీ ఇంతే.

కావాల్సినవి

- పోలరైజ్డ్ కళ్ళజోడు. మామూలు నల్ల అద్దాలు కాదు, పోలరైజ్డే కావాలి, నీటి మీద మెరుపు కొట్టేసి అడుగు కనిపించేలా చేస్తుంది.
- జాకెట్. జూలై అయినా సరే. సుపీరియర్ మీద గాలి జూలైలో కూడా మన డిసెంబర్ తెల్లవారుజాములా ఉంటుంది.
- తల తిరిగేవాళ్ళకి మాత్ర, ఎక్కే ముందే వేసుకోవాలి. అల్లం మురబ్బా మా అమ్మకి బాగానే పనిచేసింది.
- కాళ్ళని చీలమండల దాకా కప్పే సాక్స్, ప్యాంటు. ఎందుకో 6వ స్టెప్‌లో చెప్తా.
- ఫోన్‌లో ముందే సేవ్ చేసుకున్న మ్యాప్, ఎందుకంటే మ్యునిసింగ్ (కింద 1లో చెప్పే ఊరు) దాటాక చాలా చోట్ల సిగ్నల్ ఉండదు.
- తిండి. పులిహోరో పెరుగన్నమో కట్టుకుపోండి, అక్కడ వెజ్ దొరకడం కష్టమే.

1. ముందు ఎక్కడికో తేల్చుకోండి

చాలామంది తప్పు ఇక్కడే మొదలవుతుంది. మునిగిన ఓడలు వేలల్లో ఉన్నాయి, మొత్తం మీద 6 వేల దాకా అని తరచూ చెప్తారు, కానీ మనలాంటివాళ్ళం పైనుంచి చూడగలిగేవి చాలా తక్కువ. లోతు పెరిగేకొద్దీ గాజులోంచి చూసినా నీలిరంగే ఎక్కువ, ఓడ తక్కువ కనిపిస్తుంది.

మ్యునిసింగ్, మిషిగన్, లేక్ సుపీరియర్. మొదటిసారి వెళ్తుంటే నా ఓటు దీనికే. గాజు అడుగున్న పడవలో రెండు గంటల టూర్ ఉంటుంది. అందులో చూపించే బెర్ముడా అనే స్కూనర్, అంటే తెరచాపల సరుకు ఓడ, 1860లో కట్టింది, 1870లో ఇనుప ఖనిజం లోడుతో మునిగింది. దాని డెక్ నీళ్ళ కింద పన్నెండు అడుగుల్లోనే ఉంది. సరుకు దించే చదరపు కంతలు నల్లగా నోళ్ళు తెరుచుకుని పడవ కింద నుంచి మెల్లగా జరిగిపోతుంటే మా నాన్న "ఒరేయ్, దీని మీద దిగి నడవొచ్చేమో" అన్నాడు. నిజంగా అంత దగ్గర. అదే ఏరియాలో హెర్మన్ హెట్లర్ అనే చెక్క స్టీమర్ కూడా ఉంది, 1926లో తుఫానులో రాళ్ళకి కొట్టుకుంది, అది చెల్లాచెదురుగా పడి ఉంటుంది. డెట్రాయిట్ నుంచి ఆరున్నర, ఏడు గంటల డ్రైవ్, అంచేత ఒక రాత్రి ఉండాల్సిందే.

అల్పీనా, మిషిగన్, లేక్ హ్యూరాన్. డెట్రాయిట్ నుంచి నాలుగు గంటలు. ఇక్కడి థండర్ బేని 2000లో నేషనల్ మెరైన్ శాంక్చురీగా, అంటే ప్రభుత్వం కాపాడే నీటి ప్రాంతంగా ప్రకటించారు, మంచినీళ్ళలో అదే మొదటిది, 2014లో 4,300 చదరపు మైళ్ళకి పెంచారు. ఊళ్ళో నది ఒడ్డునే హెరిటేజ్ సెంటర్ ఉంది, లోపలికి ఫ్రీ, పిల్లలు ఎక్కి తిరగడానికి చెక్క స్కూనర్ నమూనా పెట్టారు. గాజు పడవ కూడా అక్కడి నుంచే బయల్దేరుతుంది, ఆ రోజు గాలిని బట్టి ఏ ఓడ దగ్గరికి తీసుకెళ్ళాలో కెప్టెన్ నిర్ణయిస్తాడు. 1907లో కాలిపోయిన మోనోహాన్సెట్ లాంటివి 18 అడుగుల లోతులో ఉన్నాయి.

టోబర్‌మోరీ, ఒంటారియో. టొరంటో వాళ్ళకి నాలుగు గంటలు. బిగ్ టబ్ హార్బర్ అనే ఇరుకైన రేవులో స్వీప్‌స్టేక్స్ ఉంది, 1867లో కట్టింది, 1885లో మునిగింది, 20 అడుగుల లోతు, ఓడ ఆకారం ముక్కు నుంచి తోక దాకా తెలుస్తుంది. దానికి కాస్త దూరంలోనే 1907లో కాలిపోయిన సిటీ ఆఫ్ గ్రాండ్ రాపిడ్స్. చుట్టూ ఒడ్డు ఉంది కాబట్టి గాలి బాధ తక్కువ, ఈ లిస్టులో నమ్మకంగా కనిపించేది ఇదే. అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళు మాత్రం వీసా చూసుకోండి, గ్రీన్ కార్డ్ లేని ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్ళకి కెనడా వీసా కావాలి, మీకు తిరిగి రావడానికి స్టాంపింగ్ ఉందా, అమ్మానాన్నల వీసాతో మళ్ళీ లోపలికి రావచ్చా అన్నది కూడా. వీసా సంగతి బోర్డర్ దగ్గర గుర్తొస్తే అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు.

పడవే వద్దు, నడిచి చూస్తాం అంటే రెండు చోట్లున్నాయి. ఒకటి మ్యునిసింగ్ వైపున్న పిక్చర్డ్ రాక్స్ పార్క్‌లో ఔ సేబుల్ లైట్‌హౌస్ దారి, రెండోది రోజర్స్ సిటీ దగ్గర ఫార్టీ మైల్ పాయింట్ లైట్‌హౌస్. వాటి సంగతి 6లో.

2. తర్వాత రోజు, టైమ్

మామూలు వెదర్ యాప్ మూసేయండి. అమెరికా వాతావరణ శాఖ వాళ్ళది నియర్‌షోర్ మెరైన్ ఫోర్‌కాస్ట్ అని ఒకటి ఉంటుంది, ఒడ్డు దగ్గర అలలు ఎన్ని అడుగులు, గాలి ఎటు నుంచి అని రాస్తారు. అందులో చూడాల్సినవి రెండే.

అలల ఎత్తు. ఒక అడుగు లేదా అంతకంటే తక్కువ అని ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళండి. రెండడుగులంటే పడవ వెళ్ళొచ్చు, కానీ మీకు కనిపించేది సగమే. మూడు, నాలుగు అంటే టూర్ క్యాన్సిల్ అవ్వచ్చు, అవ్వకపోయినా మీరు క్యాన్సిల్ చేసుకోండి.

గాలి దిక్కు. ఒడ్డు మీద నుంచి సరస్సులోకి వీచే గాలైతే ఒడ్డు దగ్గర నీళ్ళు నునుపుగా ఉంటాయి. మ్యునిసింగ్ సుపీరియర్‌కి దక్షిణపు ఒడ్డు, కాబట్టి దక్షిణ గాలి మంచిది, ఉత్తర గాలి చెడ్డది. అల్పీనా హ్యూరాన్‌కి పడమటి ఒడ్డు, అక్కడ తూర్పు గాలి వస్తే మర్చిపోండి. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) వాళ్ళకి మాత్రం ఈ లెక్క తిరగబడుతుంది, అది 7లో చెప్తా.

టైమ్ అయితే పొద్దున్నే. మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి లేస్తుంది. పెద్ద గాలివాన పడ్డాక కూడా ఒకట్రెండు రోజులు ఆగండి, బురద కిందికి దిగాలి.

మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఇదేం తెలీదు. శనివారం మధ్యాహ్నం మూడు గంటల టికెట్, ఎండ బ్రహ్మాండం, అందరం ఖుషీ. పడవ ఎక్కాక గాజు కింద చూస్తే పాలల్లో పసుపు కలిపినట్టు ఉంది, మా చిన్నది "ఓడ ఏది నాన్నా" అని రెండు గంటలు అడుగుతూనే ఉంది. తప్పు పూర్తిగా నాదే, ముందురోజు రాత్రంతా ఉత్తర గాలి కొట్టిందని చూసుకోలేదు.

3. టికెట్

సీజన్ మే చివర మొదలై అక్టోబర్ దాకా ఉంటుంది, తేదీలు ఏటా మారతాయి కాబట్టి ఫోన్ చేసి కనుక్కోండి. జూలై, ఆగస్ట్ వీకెండ్లు ముందే నిండిపోతాయి. నా పద్ధతేంటంటే రెండు రోజుల ట్రిప్ వేసుకుని మొదటి రోజు పొద్దున టికెట్ తీసుకుంటా, గాలి బాగోకపోతే రెండో రోజుకి మార్చమని అడుగుతా. మార్చుకోవచ్చో లేదో డబ్బు కట్టకముందే అడగండి. పెద్దవాళ్ళుంటే ఇంకో మాట, గాజు దగ్గరికి పోవాలంటే కొన్ని పడవల్లో నిటారు మెట్లు దిగాలి, మోకాళ్ళ నొప్పులున్నాయని ముందే చెప్తే ఏ పడవైతే సులువో చెప్తారు.

4. వెళ్ళేముందు బొమ్మ చూడండి

ఈ స్టెప్ అందరూ ఎగ్గొడతారు, చూశాక "ఏదో దుంగలు కనిపించాయి" అంటారు. ముందురోజు రాత్రి హోటల్‌లో పది నిమిషాలు చాలు. థండర్ బే శాంక్చురీ వాళ్ళ సైట్లో ఒక్కో ఓడకి లోతు, కట్టిన ఏడాది, మునిగిన ఏడాది, కొన్నిటికి పైనుంచి గీసిన బొమ్మ కూడా ఉంటుంది. ఆ బొమ్మలో ముక్కు ఎటుంది, లంగరు గొలుసు చుట్టే అడ్డదుంగ ఎక్కడుంది, కంతలు ఎన్ని, ఇవి మాత్రం గుర్తుపెట్టుకోండి. పడవ ఓడ మీద నిలబడేది కొన్ని నిమిషాలే, ఆ కాసేపట్లో ఏం వెతకాలో తెలిస్తేనే కన్ను పట్టుకుంటుంది.

5. పడవలో

గాజు పక్కనే కూర్చోండి, కానీ ఓడ వచ్చేదాకా గాజులోకి చూడొద్దు. ఊగే పడవలో కిందికి చూస్తూ కూర్చుంటే పది నిమిషాల్లో పులిహోర బయటికొస్తుంది. దూరంగా ఒడ్డు వైపు చూస్తూ ఉండండి, కెప్టెన్ చెప్పగానే వంగండి.

ఫోటో తీసేటప్పుడు ఫోన్ లెన్స్‌ని గాజుకి ఆనించేయండి, మధ్యలో ఖాళీ ఉంటే మీ మొహమే పడుతుంది. ఫ్లాష్ ఆఫ్. ఫోటో కంటే వీడియో తీసి తర్వాత ఫ్రేమ్ ఆపుకోవడం మేలు. పడవ పైడెక్ నుంచి తీస్తే కెమెరాకి కూడా పోలరైజర్ కావాలి, లేదంటే కళ్ళజోడునే లెన్స్ ముందు పెట్టి మెల్లగా తిప్పండి, ఒకచోట మెరుపు టక్కున పోతుంది.

ఇంకోటి, హ్యూరాన్‌లో ఓడలు బొచ్చుపట్టినట్టు గరగరలాడుతూ కనిపిస్తే కంగారుపడొద్దు, అవి మసెల్స్, చిన్న గవ్వపురుగులు. జీబ్రా మసెల్స్‌ని 1988లో మొదట లేక్ సెయింట్ క్లెయిర్‌లో కనిపెట్టారు, ఆ తర్వాత క్వాగా మసెల్స్ వచ్చి కిందున్న సరస్సులన్నీ ఆక్రమించాయి. వీటి వల్ల నీళ్ళు తేటపడ్డాయి, ఓడలేమో వీటి కింద కప్పబడిపోయాయి. సుపీరియర్ నీళ్ళలో సున్నం తక్కువ, అక్కడ ఇవి పెద్దగా బతకలేదు, అందుకే మ్యునిసింగ్‌లో చెక్క చెక్కలాగే కనిపిస్తుంది. మొదటిసారికి దాన్నే చెప్పడానికి ఇదీ ఒక కారణం.

6. ఒడ్డున పడున్న ఓడలు

పడవ టికెట్ ఖర్చు లేకుండా అసలు చెక్కని అరచేయంత దూరంలో చూడాలంటే ఇదే దారి, నాకు పడవ కంటే ఇదే ఎక్కువ ఇష్టం.

ఔ సేబుల్: హరికేన్ రివర్ క్యాంప్‌గ్రౌండ్‌లో కారు పెట్టి లైట్‌హౌస్ వైపు నడవండి, మైలున్నర. పార్క్ ఎంట్రీ ఫీజు వేరే ఉంటుంది. దారిలో కుడిఎడమలు చూసుకుంటూ వెళ్తే ఓడ ముక్కలకి దారి అని బోర్డులు, మెట్లు ఉంటాయి. కింద ఇసుకలో, నీటి అంచున మేరీ జారెకీ 1883ది, సిట్కా 1904ది, గేల్ స్టేపుల్స్ 1918ది, వీటి ముక్కలున్నాయి. ఓక్ దూలాలు, ఒక్కోటి మనిషి నడుమంత లావు, వాటిలోంచి బొటనవేలంత మందం ఇనుప బోల్టులు వరసగా పొడుచుకొచ్చి ఉంటాయి, బోల్టు చుట్టూ చెక్క తుప్పు తాగి నల్లబడిపోయి ఉంటుంది. కాళ్ళు జాగ్రత్త, చెప్పులతో వద్దు.

ఇప్పుడు సాక్స్ సంగతి. సుపీరియర్ బీచ్ మీద కుట్టే ఈగలుంటాయి, చూడటానికి మన ఇంటి ఈగలాగే ఉంటుంది, చీలమండ దగ్గర సూది గుచ్చినట్టు కుడుతుంది. తమాషా ఏంటంటే ఇవి దక్షిణ గాలికే బీచ్‌కి వస్తాయి, అంటే నీళ్ళు బాగున్న రోజే ఈగలూ ఉంటాయి.

ఫార్టీ మైల్ పాయింట్: అల్పీనా నుంచి ఉత్తరంగా ముప్పావు గంట. 1871లో కట్టిన జోసెఫ్ ఎస్. ఫే అనే చెక్క స్టీమర్ 1905 అక్టోబర్ తుఫానులో ఇక్కడ పగిలింది, ఓడ పక్కభాగం ఒకటి అలా పెద్ద ముక్కగా ఇసుకలో పడుంది. లైట్‌హౌస్ నుంచి రెండు నిమిషాల నడక, పెద్దవాళ్ళకి కూడా వీలే.

అయితే సరస్సు మట్టం పెరిగితే ఇవి నీళ్ళలోకి పోతాయి, ఇసుక కప్పేసే ఏళ్ళూ ఉంటాయి. 2013 మొదట్లో మిషిగన్, హ్యూరాన్ మట్టం రికార్డు స్థాయిలో పడిపోయింది, 2020కి బాగా ఎక్కేసింది. కాబట్టి పాత ఫోటో చూసి వెళ్ళి "లేదేంటి" అనుకోవద్దు, పార్క్ ఆఫీస్‌కి ఫోన్ చేసి ఈ మధ్య కనిపిస్తున్నాయా అని అడగండి.

7. కయాక్, స్నార్కెల్: ఇష్టమైతేనే

అల్పీనాలో పోర్ట్‌లాండ్ అనే 1877లో పోయిన ఓడ ముక్కలు ఆరడుగుల్లోనే ఉన్నాయి, కయాక్‌లోంచే చూడొచ్చు. కానీ నేను గట్టిగా చెప్పేది, మొదటిసారి గైడ్‌తో మాత్రమే. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, పడవలో కాదు. నీళ్ళు చల్లగా ఉంటాయి, పడితే ఈతొచ్చినవాడికి కూడా కొన్ని నిమిషాల్లో చేతులు మొద్దుబారతాయి, వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూట్) లేకుండా దిగొద్దు. 2లో చెప్పిన ఒడ్డు నుంచి వీచే గాలి ఉంది చూశారా, గాజు పడవకి అది వరం, కయాక్‌కి అదే గండం, నీళ్ళు నున్నగా ఉన్నాయి కదా అని తేలుతూ ఉంటే మెల్లగా సరస్సు మధ్యకి తోసేస్తుంది. ఒక్కో సరస్సు నుంచి ఇంకోదానికి వెళ్ళేముందు కయాక్ కడిగి ఆరబెట్టండి, మసెల్స్ అలాగే వ్యాపిస్తాయి.

తరచూ చేసే తప్పులు

ఎడ్మండ్ ఫిట్జ్‌గెరాల్డ్ చూపించమంటారు. అది చెక్కది కాదు, స్టీలు, 1975 నవంబర్ 10న 29 మందితో మునిగింది, 530 అడుగుల లోతు. ఎవరూ చూపించలేరు. వైట్‌ఫిష్ పాయింట్ మ్యూజియంలో 1995లో పైకి తీసిన దాని గంట ఉంది, అది చూడండి. అలాగే సౌత్ మానిటూ దీవి దగ్గర నీళ్ళ పైకి కనిపించే ఓడ కూడా స్టీలుదే.

"తెరచాప స్తంభాలు నిలబడే ఉన్నాయి" అన్న ఫోటోలు చూసి బయల్దేరతారు. అవి లోతులో ఉన్నవి. 1875లో పోయిన కార్నీలియా విండియేట్ అలాంటిదే, 180 అడుగుల కింద. 1894లో గుద్దుకుని మునిగిన ఐరన్‌టన్ ఇంకో ఉదాహరణ, ప్రాణాలు దక్కించుకోవడానికి ఎక్కిన చిన్న పడవని ఓడకి కట్టిన తాడు విప్పలేకపోయారు, ఏడుగురిలో ఐదుగురు పోయారు. ఓడని కనిపెట్టి 2023లో బయటపెట్టినప్పుడు చూస్తే ఆ పడవ ఇంకా ఓడకి కట్టేసే ఉంది. వీటి వీడియోలు హెరిటేజ్ సెంటర్లో చూడండి, నీళ్ళ మీద వెతకొద్దు.

చూసింది నిజంగా ఓడేనా? ఇలా చెక్ చేసుకోండి

బీచ్ మీద చెక్క కనిపిస్తే అదంతా ఓడ కాదు. పాత రేవుల కింద రాళ్ళు నింపిన చెక్క పెట్టెలుండేవి, అవే ఎక్కువ మోసం చేస్తాయి. తేడా ఇలా పట్టండి.

మూలలు నిక్కచ్చిగా చదరంగా ఉండి, మధ్యలో రాళ్ళ గుట్ట ఉంటే అది రేవు. ఓడ దూలంలో ఎక్కడో ఒకచోట వంపు ఉంటుంది. ఓడ పక్కటెముకలు చాలావరకు జంటగా, ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టు ఉంటాయి, ఆ జంటకీ పక్క జంటకీ మధ్య కాస్త సందు, మళ్ళీ జంట. వాటికి అడ్డంగా పలకలు, పలక ప్రతి పక్కటెముకని దాటే చోట మేకు. ఇంకా అనుమానమైతే రెండు పలకల మధ్య సందులోకి చూడండి, తారు పట్టించి కుక్కిన నార పీచులు కనిపిస్తే ఇక సందేహమే లేదు, నీళ్ళు రాకుండా ఓడకే అలా కుక్కుతారు.

నీళ్ళ కింద ఉన్నదైతే ఇంటికొచ్చాక వీడియోని సైట్లో ఉన్న బొమ్మ పక్కన పెట్టి చూడండి. బాయిలర్ కనిపిస్తే స్టీమర్. ఓడ మధ్యలో వెన్నుదూలం వెంబడి పొడుగాటి ఇరుకు చెక్క పెట్టె ఉంటే స్కూనర్, లోతు తక్కువ రేవుల్లోకి వెళ్ళడానికి పైకి లాగేసుకునే అడుగుపలక అందులో ఉండేది.

బీచ్ మీద కొత్తగా బయటపడింది మీకే కనిపిస్తే తవ్వొద్దు. పక్కన చెప్పో వాటర్ బాటిలో పెట్టి సైజు తెలిసేలా ఫోటో తీసి, ఫోన్ లొకేషన్‌తో పార్క్ వాళ్ళకి పంపండి.

చిన్న మేకు తెచ్చుకోవచ్చా?

ఇది కచ్చితంగా అడుగుతారు. తెచ్చుకోకూడదు. మిషిగన్ సరస్సుల అడుగున ఉన్న పాత ఓడలు రాష్ట్రానివి, పర్మిట్ లేకుండా ముక్క తీస్తే నేరం, జైలు దాకా పోవచ్చు. తెచ్చినా మిగలదు కూడా. 1864లో గ్రీన్ బేలో మునిగిన ఆల్విన్ క్లార్క్ అనే స్కూనర్‌ని 1969లో మొత్తానికి మొత్తం పైకి లేపారు, చక్కగా ఉంది, మెనామినీలో జనానికి చూపించారు. వందేళ్ళు నీళ్ళలో ఉన్న చెక్క గాలి తగిలేసరికి ఎండి, పగిలి, కుళ్ళడం మొదలైంది, దాన్ని కాపాడేంత డబ్బు లేదు, 1994లో పడగొట్టేశారు. నీళ్ళలో నూటికి పైగా ఏళ్ళున్నది బయట పాతికేళ్ళే ఉంది.

మా వాడు ఔ సేబుల్ దగ్గర ఇసుకలో ఒక తుప్పు మేకు ఏరి జేబులో వేసుకున్నాడు, కారు దగ్గరికొచ్చాక చెప్పాడు. మళ్ళీ మైలున్నర నడిపించా, ఈగలు కుడుతుండగా. కాబట్టి పిల్లలుంటే మెట్లెక్కే ముందే జేబులు చూడండి.